కాలి షిఫ్టు

మొన్న మా వీధి చివర కంప్యూటరంగడికి పోయినాను, పెండ్లిపత్రిక ప్రూఫు చూసేదానికి. చూపు రవ్వంత మందగించినా చిత్తూరులో పత్రికల అంగళ్లోళ్లు ఇంకా నన్నే పిలుస్తారు. వత్తు జారినా, దీర్ఘం ఎగిరిపోయినా ఈమె కంటికి దొరుకుతుందిలే అని వాళ్ల ధైర్యం. ఆడ తెలుగు కొట్టే పాప కొత్తగా చేరింది. చానా చురుకు. కొడతా కొడతా ఎడమపక్క ఉండే ఒక మీటనే మాటిమాటికీ నొక్కతా ఉండాది.

"ఏంది పాపా, అది ఇంగ్లీషు పెద్దక్షరాల మీట గదా? తెలుగులో దాంతో నీకేం పని?" అన్నాను.

"ఉత్తగా పడుండాది గదా మేడం, దాని పని మార్చేసినా. రెండు మూడు మీటలు ఒకేసారి అదిమి పట్టుకోని కొట్టాలంటే చిటికెనవేలు పీక్కపోతా ఉండింది. ఇప్పుడు ఇదొక్కటే. నొక్కితే వత్తు, ఇడిస్తే మామూలు అక్షరం" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఎన్నేండ్లయింది, అయినా ఆ మంట ఆరలేదు. నొక్కితే వత్తు, ఇడిస్తే మామూలు అక్షరం. ఆ మాట, అచ్చం ఆ మాటే, మా టైపు సారు నాకు చెప్పినాడు. ఈ పాప అప్పటికి పుట్టనే లేదు.

మాది చిత్తూరు పక్కన పల్లె. చెరుకు, బెల్లం, అదే మా బతుకు. చిన్నబిడ్డగా ఉన్నప్పుడు నా ఎడమచేతి చిటికెనవేలు గానుగలో నలిగిపోయింది. ఇప్పుడు రవ్వంత మొండి మాత్రం ఉండాది. ఆ పొద్దు గానుగకు చెరుకు పెడతా ఉండింది మా నాయనే. ఆ దినం నుంచి నన్ను సేద్యం పనికి రానీలేదు. "నువ్వు కుర్చీలో కూచోని చేసే పని చెయ్యాలమ్మా" అని ఒకటే పట్టు పట్టినాడు.

నా పదో తరగతి అయినాక, ఆఫీసు కాయితాలన్నీ తెలుగులోనే ఉండాలని సర్కారు గట్టిగా చెప్తా ఉండే కాలం వచ్చింది. ఇంగ్లీషు టైపు వచ్చినోళ్లు వీధికి నలుగురు ఉండిరి గానీ తెలుగు టైపు వచ్చినోళ్లు యాడా లేరు. తాలూకాఫీసులో పెద్ద గుమాస్తా మా నాయనకు తెలిసినాయన. "ఈ తూరి టైపు పరీక్ష పాసై రమ్మను. ఆ కుర్చీ నీ బిడ్డకే" అని మాటిచ్చినాడు. ఇంకేముంది, మా నాయన నన్ను వెంటబెట్టుకోని సారు ముందర నిలబెట్టేసినాడు. వేలు లేని బిడ్డను టైపుకు చేర్పించినోడు ఈ జిల్లాలో మా నాయన ఒక్కడే అయ్యుంటాడు.

సారు ఇన్‌స్టిట్యూట్ ఎరువులంగడి పైన మిద్దెలో. కింద ఎరువు మూటల ఘాటు, పైన టకటకలు. పొట్టిగా, బక్కగా ఉండేటోడు. లోకమంతా చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే ఆయన కటింగ్ ప్లేయరు పెట్టుకునేటోడు. ఆ బరువుకు ఆయన చొక్కాలన్నీ ఒకపక్కకే జారి ఉండేవి. ఉడకేసిన శెనక్కాయలంటే ప్రాణం. తింటా తింటా పొట్టు మళ్లా తన జేబులోనే వేసుకునేటోడు. ఎవురన్నా మిషన్ దగ్గర ఒక్క పొట్టు రాల్చినారో, చచ్చినారే!

ఆయనకు ఒక పిచ్చి. ఏ వస్తువునూ అది పుట్టినట్ల ఉండనియ్యడు. వాచీ కుడిచేతికి కట్టుకునేటోడు. గొడుగు పిడి విప్పి తిప్పి బిగించుకున్నాడు. తన సైకిలు బ్రేకులు రెండూ ఇటుది అటు, అటుది ఇటు మార్చి పెట్టుకున్నాడు. తెలియక ఒకడు ఆ సైకిలెక్కి పోయి గాంధీరోడ్డు మలుపులో మురుక్కాలవలో పడినాడు. తడిసిన పంచతో వచ్చి వాడు మొత్తుకుంటా ఉంటే, "సైకిలుది ఏం తప్పు లేదప్పా. నీ చెయ్యి పాత అలవాటును ఇడవలేదు, అంతే" అన్నాడు సారు. శెనక్కాయ ఒలుచుకుంటానే అన్నాడు.

"యంత్రం మనిషి మాట వినాల గానీ, మనిషి యంత్రం మాట వినేదేంది?" ఇది పొద్దస్తమానం ఆయన నోట్లో నలిగే మాట. ఇంకో మాట కూడా ఉండేది. మిషన్ చెడినా, ఇంట్లో బాధ చెప్పుకున్నా, పరీక్షంటే భయమని ఏడ్చినా, అన్నిటికీ అదే మందు: "నేనుండాను గదా."

మొదటిపొద్దు నా చెయ్యి పట్టుకోని, అంగట్లో వంకాయ పుచ్చేమో చూసేటట్ల తిప్పి తిప్పి చూసినాడు. ఆ చూపులో జాలి లేదు. నాకు అదే నచ్చింది. వేలు చూసి "అయ్యో పాపం" అననోణ్ణి నేను అప్పటిదాకా చూసిండలేదు.

"పేరేంది పాపా?"

"సుబ్బరత్నమ్మ సార్."

"అబ్బో! అన్నీ వత్తులే. ఏమప్పా పెద్దాయనా, బిడ్డకు పేరు పెట్టినావా, పరీక్ష పెట్టినావా?"

మా నాయన తల గోక్కుంటా, "మా అమ్మ పేరు సార్" అన్నాడు.

"సరే, నువ్వు బయల్దేరు. నేనుండాను గదా."

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండింది. పొద్దున రాంగానే ఎవురి పేరు వాళ్లు తప్పు లేకుండా కొట్టాల. అది అయినాకనే మిగతా పాఠం. "సొంత పేరే తప్పు కొట్టేటోడు సర్కారు కాయితం ఏం కొడతాడు?" అనేటోడు. అందరూ కొట్టేసి పాఠంలోకి పోయేవాళ్లు. నేను మటుకు నా పేరు దగ్గరే పడి పొర్లాడేదాన్ని. టైపు మిషన్లో ఒక్కో మీటకు రెండక్షరాలు ఉంటాయి. పైది పడాలంటే పక్కనుండే షిఫ్టు మీటను చిటికెనవేలితో అదిమి పట్టుకోని, ఇంకో వేలితో కొట్టాల. నా పేరుకు కావల్సిన వత్తులన్నీ కుడిచేతి పక్కుండే పై అక్షరాలే, వాటికి ఎడమ షిఫ్టే పట్టాల. ఎడమ షిఫ్టుకు నాకు వేలెక్కడిది? పక్కవేలు సాచి నొక్కితే చెయ్యంతా జరిగిపోయి, బ పడాల్సిన తావులో ఇంకేదో పడేది. బయట మెట్ల మీద కూచోని ఏడ్చేదాన్ని.

ఒకపొద్దు నేను పోయేటప్పటికి సారు నా టేబులు కింద దూరి పడుకోనుండాడు. రెండు కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తా ఉండాయి. టేబులు పలకకు తూటు పెట్టి, సైకిలు బ్రేకు తీగను షిఫ్టు మీటకు తగిలించి, ఆ తూటులో నుంచి కిందికి దించి, పాడైన కుట్టుమిషన్ తొక్కుడుపలకకు కట్టినాడు. బయటికి వచ్చి మోకాళ్లు దులుపుకోని, "కాలు పెట్టు" అన్నాడు.

"కాలా సార్? సరస్వతి గదా..."

"సరస్వతి పైనుండాది. కాలు కిందుండాది. ఉత్తగా పడుండే కాలికి రవ్వంత పని చెప్పినాము, అంతే గదా. నొక్కితే వత్తు, ఇడిస్తే మామూలు అక్షరం. కొట్టు."

కొట్టినాను. చేతులు ఉన్నెచోటనే ఉండాయి. కాలు తొక్కితే వత్తు పడింది, ఇడిస్తే పోయింది. నా పేరు నేను ఒక్క తప్పు లేకుండా కొట్టింది అదే తొలిసారి. సారు ఆ కాయితం లాక్కోని కిటికీ వెలుతురుకు పట్టి, "సు-బ్బ-ర-త్న-మ్మ" అని గట్టిగా చదివినాడు. చదువుతా, వత్తు వచ్చినప్పుడల్లా చెప్పుకాలితో నేల మీద ఒక దెబ్బ వేసినాడు. ఆ పొద్దు నుంచి నన్ను ఎప్పుడు పిలిచినా అంతే. నోరు పేరు పిలుస్తుంది, కాలు వత్తులు కొడుతుంది. ఆయనకే తెలియని అలవాటైపోయింది అది.

నాతో నేర్చుకునేటోళ్లు ఊరుకుంటారా? "ఏం కుట్టుమిషనక్కా, నా జాకెట్టు ఎప్పుడిస్తావు?" అని ఒకటే ఎగతాళి. నేనూ తగ్గేదాన్ని కాదు, "కొలతలు తెచ్చియ్యి, వత్తులతో సహా కుట్టిస్తా" అనేదాన్ని. ఇంట్లో అన్నం తింటా ఉన్నా నా కుడికాలు ఆడతా ఉండేది. మా నాయన చూసి మురిసిపోయేటోడు. "సూడే, దాని కాలు ఆఫీసుకు పోతా ఉండాది" అని మా అమ్మకు చూపించేటోడు. కొన్ని నెలలకు మిద్దె మీద నా అంత వేగంగా కొట్టేటోళ్లు లేరు. ఎచ్చులు కాదు, సారే చెప్పేటోడు.

పరీక్ష దగ్గర పడేకొద్దీ నాకు దిగులు పట్టుకుంది. "సార్, ఆడ ఈ తీగ చూసి ఏమన్నా అంటే?" అని అడిగినాను. ఒకసారి కాదు, ఎన్నిసార్లు అడిగింటానో.

"ఏమంటారు? నేను కట్టినానని నేనే చెప్తా. యంత్రం ఎవురి మాట వినాల పాపా?"

"మనిషి మాట సార్."

"అంతే. నేనుండాను గదా."

పరీక్ష తిరుపతిలో ఒక హైస్కూల్లో. తెలుగు మిషన్లు అప్పుడు చాలేటివి కాదు, అందుకని ఎవురి మిషన్ వాళ్లు మోసుకోని పోవాల. బస్సులో అందరమూ మిషన్లను తువాళ్లలో చుట్టి ఒళ్లో పెట్టుకోని కూచున్నాము. నా టేబులు బస్సు మీదికెక్కింది. "ఏమప్పా, ఇది బస్సా, లారీనా?" అని కండక్టరు రేగినాడు. "ఒళ్లో బిడ్డలకు టికెట్టు ఉందా అప్పా?" అన్నాడు సారు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వినాను. ఆయన దగ్గర నవ్వింది అదే కడసారి.

మిషన్లు సర్ది మాస్టర్లు బయటికి పోవాల, అది నియమం. సారు తీగ బిగించి, తొక్కి చూసి, నా వైపు తల ఊపినాడు. అంతలో పరీక్షాధికారి వరసల్లో తిరుగుతా వచ్చి నా టేబులు దగ్గర ఆగినాడు. వంగి చూసినాడు.

"ఏమిటీ తీగ? ఎవరు పెట్టారిది?"

నేను లేచి నిలబడి సారు వైపు చూసినాను. హాలంతా చూస్తా ఉండాది.

"ఇలాంటి వేషాలు వేసే ఇన్‌స్టిట్యూట్‌కి గుర్తింపు తీయించేస్తాను. ఎవరు పెట్టారు?"

సారు చెయ్యి జేబులో ప్లేయరు మీదికి పోయింది. "మిషన్ మాదే సార్" అన్నాడు. "తీగ మాది కాదు. ఆ పాపే కట్టుకున్నెట్లుండాది."

"మీ స్టూడెంటే కదా? పేరేమిటి ఈ అమ్మాయిది?"

"వచ్చేవాళ్లు, పోయేవాళ్లు సార్. పేరు తెలీదు."

పొద్దుపొద్దునా నా పేరు కొట్టించి, చదివి, కాలు కొట్టినోడు! నా పరీక్ష దరఖాస్తు మీద ఆ పేరు తన చేత్తో రాసినోడు! పేరు తెలీదంట.

"తీసేసి రాయించండి" అని చెప్పి ఆ అధికారి ముందుకు పోయినాడు. సారు నా కాళ్ల దగ్గర కూచోని ప్లేయరు తీసినాడు. పైనుంచి ఆయన నడినెత్తి బట్టతల కనిపిస్తా ఉండాది. "సారూ" అని మెల్లిగా పిలిచినాను. "గమ్మునుండు" అన్నాడు, తల ఎత్తకుండా. తీగ టక్కుమని తెగింది. ఆ ముక్కను జేబులో వేసుకోని, శెనక్కాయ పొట్టు వేసుకున్నెట్లే వేసుకోని, బయటికి పోయినాడు.

గంట కొట్టినారు. అందరి మిషన్లూ మోగినాయి. నా కాలు తొక్కతానే ఉండాది, కింద పలక ఉత్తగా ఊగుతా ఉండాది. సగం పేజీ కూడా కాలేదు, అదీ అంతా తప్పులే. తిరుగు బస్సులో ఆయన అందరికీ కాఫీ ఇప్పించి ముందు సీట్లో కూచున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన మిషన్‌ను నేను ఒళ్లో పెట్టుకోని చిత్తూరు దాకా మోసినాను. దించేసి పోయేదానికి కూడా తోచలేదు చూడండి నాకు.

బస్టాండులో మా నాయన కాచుకోనుండాడు. "ఎట్ల కొట్టినావమ్మా?"

"పొయ్యింది నాయనా."

ఆయన నా మొగం చూడలేదు. నేరుగా నా చేతి దిక్కు చూసినాడు, ఆ మొండివేలి దిక్కు. నేను జరిగిందంతా చెప్పినాను. ఏడ్చి చెప్పినాను. తీగ సంగతి, సారు అబద్ధం, అన్నీ. మా నాయన నమ్మలేదు. "సార్లు అట్ల చెయ్యరు లేమ్మా. నన్ను తిట్టలేక ఆయన మింద పెడతా ఉండావు. ఇది ఆ పొద్దు చెరుకు పెట్టిన చేతి పాపం" అన్నాడు. తాలూకాఫీసు కుర్చీ ఇంకొకరికి పోయింది. పోతే పోనీ, కుర్చీ కొయ్యదే గదా. మా నాయన ఆ తర్వాత గానుగ దిక్కు పోవడం మానేసినాడు. ఇంటి ముందర పంచలో కూచోని తన చేతులు తాను చూసుకునేటోడు.

భయపడినాడు సారు, ఒప్పుకుంటా. గుర్తింపు పోతే ఇన్‌స్టిట్యూట్ పోతుంది. కడుపు ఎవురికైనా ఉంటుంది. తీగ నాది కాదు అన్నాడు, అదీ మింగుతా. పేరు తెలీదు అనేదానికి ఏం అవసరం వచ్చింది? ఆ మాట ఎవురూ ఆయన గొంతు పిసికి చెప్పించలేదు. నన్ను అంత సులభంగా, ఒక చేత్తో తోసేసినాడు. దాన్ని మింగలేకపోయినాను. ఇప్పుడూ మింగలేను.

నేను ఆ తర్వాత ఒక ప్రెస్సులో అచ్చక్షరాలు ఏరి కూర్చే పనికి చేరినాను. ఆ పనికి చిటికెనవేలు అక్కర్లేదు. కొన్నేండ్లకు, ఒకపొద్దు తలెత్తితే ఎదురుగా సారు. చొక్కా అట్లనే ఒకపక్కకు జారి ఉండాది.

"పాపా, రేపు మద్రాసు నుంచి టైపు మిషన్ల ఏజెంటు వస్తా ఉండాడు. నా కాలి షిఫ్టు చూడాలంట. నచ్చితే కంపెనీలోనే మిషన్లకు పెట్టిస్తారంట. నువ్వు వచ్చి ఒక పేజీ కొట్టి చూపించాల. నీ మాదిరి దాని మీద కొట్టేటోళ్లు ఇంకెవురూ లేరు."

నా కాలి షిఫ్టు. ఆ మాట ఎంత తేటగా వచ్చింది ఆయన నోట్లోనుంచి! చేతిలో అక్షరాలు కింద పడేసి కొట్టాలనిపించింది. ఆపుకున్నాను.

"వస్తా సార్. పేజీ కాదు, పుస్తకం కొట్టమన్నా కొడతా. ముందర మా ఇంటికి రండి. మా నాయన పంచలో కూచోనుంటాడు. 'వేలు తప్పు కాదప్పా, తీగ నేనే కట్టినాను, నేనే తెంపినాను' అని ఆయనకు చెప్పండి. ఎవురి ముందరా వద్దు, మా నాయన ఒక్కడికే. చెప్పి, నన్ను అట్నుంచి అటే తీసుకోని పొండి."

సారు ప్లేయరు తీసి, తెరిచి, మూసి, మళ్లా తెరిచినాడు.

"పెద్దాయన్ను ఇప్పుడు కెలికేదెందుకు పాపా? అయిపొయ్యింది. ఏజెంటుకు నచ్చితే నీకూ పేరొస్తుంది. నేనుండాను గదా."

"పేరా సార్? నా పేరేంది?"

ఆయన ఆలోచించలేదు. వెంటనే వచ్చేసింది. "సుబ్బరత్నమ్మ" అన్నాడు. కింద ఆయన చెప్పుకాలు, ఏ వత్తునూ ఇడవకుండా, నేలను కొట్టింది. ఆయన చూసుకోలేదు. నేను చూసినాను.

మరిచిపోయుంటే బాగుండు. నిజంగానే తెలీకపోయుంటే ఎంత బాగుండు అనిపించింది. తెలిసే అన్నాడు.

"మీరు పొండి సార్" అన్నాను. ఒక్కమాట, ఒక్కటంటే ఒక్కటే మాట అంటాడేమోనని నేను వీపు తిప్పుకోని కాచుకున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

ఏజెంటు వచ్చినాడంట. సారే కూచోని కొట్టి చూపించబోతే కాలొకటి, చెయ్యొకటి అయిందంట. ఏజెంటు కాఫీ తాగి, "బాగుంది, బాగుంది" అని మద్రాసు బండెక్కినాడంట. మా నాయన తన చేతులు చూసుకుంటానే పోయినాడు. పోయేముందు కూడా నా మొండివేలు పట్టుకున్నాడు. తర్వాత ఒకపొద్దు, సారు పోయినాడు, కడసారి చూసొస్తాము రా అని నాతో నేర్చుకున్నోళ్లు వచ్చి పిలిచినారు. నేను పోలేదు.

ఇదంతా కంప్యూటరంగట్లో పాపకు చెప్పలేదు. మా కాలంలో ఒకాయన ఇదే పని కాలితో చేయించినాడని, సైకిలు తీగతో షిఫ్టును కిందికి దించినాడని మాత్రం చెప్పినాను. ఆ పాప కొట్టేది ఆపి నోరు తెరిచింది.

"కాలితోనా! ఏం బుర్ర మేడం ఆయనది! ఎవురాయన? పేరేంది?"

"వచ్చేవాళ్లు, పోయేవాళ్లు పాపా" అన్నాను. "పేరు తెలీదు."

టేబులు కింద నా కుడికాలు నేలను ఒకసారి నొక్కింది. ఆయన పేరులో ఉండేది ఒకటే వత్తు.